కడుపుకి బరువు కాని కోడిగుడ్డు సూపు: గంజి కాచడం నుంచి మామూలు అన్నం దాకా

2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు నెల్లూరు చుట్టుపక్కల ఎన్నో ఊళ్లలోకి నీళ్లొచ్చాయి. వరద తగ్గాక మా పెరటి బావి నీళ్లు చూడటానికి తేటగానే ఉన్నాయి. ఆ నీళ్లు తాగి మా నాయన మంచం పట్టాడు. మందులకి విరేచనాలు నాలుగు రోజుల్లో కట్టాయి గానీ కడుపు కుదుటపడటానికి నెల పట్టింది. ఏం తిన్నా ఉబ్బరం, పుల్లటి తేన్పులు, తిన్న అరగంటకే బాత్రూముకి పరుగు. జబ్బుపడ్డ మనిషికి అందరూ పెట్టేవే మేమూ పెట్టాం: పాలు, బ్రెడ్డు, బిస్కెట్లు. పాలు తాగిన ప్రతిసారీ గడబిడ ఎక్కువైంది. చొక్కా ఒంటి మీద వేలాడటం చూసి ఇంట్లో అందరికీ టెన్షన్ పట్టుకుంది.

అప్పటికి ప్రకాశం జిల్లాలో ఉన్న కందుకూరు నుంచి మా పిన్నమ్మ చూడటానికి వచ్చింది. మంచం పక్కన బ్రెడ్డు ప్యాకెట్టు చూసి, "ఇవి పెట్టబాకండి. ముందు గంజి కాయండి. గంజిలో ఏముంది అనుకోబాకండి" అంది. ఆ రోజే గంజి మొదలుపెట్టాం. రెండు రోజుల్లో కడుపులో గుడగుడ తగ్గింది. ఒంట్లో సత్తువ మాత్రం రాలేదు, గంజిలో మాంసకృత్తులు దాదాపు లేవు కాబట్టి. అప్పుడు గంజిలో కోడిగుడ్డు కలపడం మొదలుపెట్టాను. మొదటిరోజు అది రబ్బరు ముక్కల్లా వచ్చింది, రెండోరోజు నీసు కొట్టింది. వారం రోజులు చేసి చేసి, మా నాయన గిన్నె ఖాళీ చేసిన తీరు ఏదో అదే ఇక్కడ రాస్తున్నాను. తరవాత మా వీధిలో బాలింతకీ, పళ్లు లేని మా అవ్వకీ, జ్వరం తగ్గిన పిల్లలకీ ఇదే చేశాను.

గుడ్డు ఎందుకు, గంజి ఎందుకు

మామూలు సైజు గుడ్డులో దాదాపు 6 గ్రాముల మాంసకృత్తులు, 5 గ్రాముల కొవ్వు ఉంటాయి. పీచు ఉండదు, లాక్టోజ్ ఉండదు. ఈ రెండోది చాలా ముఖ్యం. పేగులకి ఇన్ఫెక్షన్ సోకినప్పుడు లోపలి పొర దెబ్బతింటుంది. పాలలోని లాక్టోజ్ అనే చక్కెరను అరిగించే ఎంజైము కొన్నాళ్లు సరిగా తయారవదు. మా నాయనకి పాలు పడకపోవడానికి కారణం అదే. గుడ్డుతోనూ అన్నంతోనూ ఆ ఇబ్బంది లేదు.

నీరసంగా ఉన్నవాళ్లకి పచ్చిగుడ్డు పాలల్లో కొట్టి తాగించే అలవాటు మన ఊళ్లలో ఇంకా ఉంది. దయచేసి అలా చేయకండి. ఉడికిన గుడ్డులోని మాంసకృత్తులు నూటికి 90 వంతుల దాకా అరుగుతాయి, పచ్చిదానిలో అరిగేది సగమే. పైగా పచ్చిగుడ్డులో సాల్మొనెల్లా అనే బాక్టీరియా ఉండే ప్రమాదం ఉంది. అసలే దెబ్బతిన్న కడుపు దాన్ని తట్టుకోలేదు.

"గుడ్డు వేడి చేస్తుంది, పత్యానికి పనికిరాదు" అనే మాట మా అవ్వ కూడా అనేది. మనం గుడ్డు తినే తీరు తలచుకుంటే ఆ మాట ఎందుకొచ్చిందో అర్థమవుతుంది. నూనెలో వేగిన ఉల్లిపాయలు, రెండు చెంచాల కారం, చింతపండు పులుసు, అందులో గుడ్డు. మంట పుట్టించేది ఆ కారమూ నూనే. నీళ్లలో మెత్తగా ఉడికిన గుడ్డు తిని మా ఇంట్లో ఎవరికీ మంట రాలేదు.

ఇక గంజి చేసే పని రెండు రకాలు. అది ఎలాగూ తేలిగ్గా అరుగుతుంది. దానికన్నా గొప్ప సంగతి ఇంకొకటి ఉంది. వేడి తగలగానే గుడ్డులోని మాంసకృత్తులు ఒకదాన్నొకటి పట్టుకుని బిగుసుకుంటాయి. సెగ ఎక్కువైతే ఆ బిగువు మరీ పెరిగి, లోపలి నీరు బయటికొచ్చి రబ్బరులా తయారవుతుంది. గంజిలో ఉబ్బిన పిండిపదార్థం ఆ పోగుల మధ్య అడ్డు నిలబడి అంత గట్టిగా బిగుసుకోనివ్వదు. మొక్కజొన్న పిండి కలిపి చేసే హోటల్ సూపుల్లో జరిగేదీ ఇదే. వరి పండే జిల్లాలో ఉన్నాం, మనకి ఆ పిండి డబ్బా కొనాల్సిన పని లేదు.

ఎవరు ఆగాలి

వాంతులు ఇంకా ఆగనివాళ్లకి ఇది పెట్టొద్దు. ముందు ఓఆర్ఎస్. ప్యాకెట్టు దొరక్కపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు, తలగొట్టి కొలిచి కలిపి, గుక్కగుక్కగా ఇవ్వండి. మలంలో రక్తం, నల్లటి మలం, తగ్గని జ్వరం, విపరీతమైన కడుపునొప్పి, నాలుక ఎండిపోవడం, ఆరేడు గంటలుగా మూత్రం రాకపోవడం, వీటిలో ఏది కనిపించినా వంట మాట పక్కనపెట్టి ఆసుపత్రికి వెళ్లండి. నడవలేని స్థితి అయితే 108కి ఫోన్ చేయండి.

గుడ్డు అలర్జీ ఉన్నవాళ్లు ఈ సూపు జోలికి రాకూడదు. తిన్న కాసేపటికి దద్దుర్లు, పెదవులు వాయడం, పిల్లికూతలు వస్తే అది అలర్జీయే, వెంటనే డాక్టరు చూడాలి. కిడ్నీ జబ్బుకి మాంసకృత్తులు తగ్గించమని చెప్పినవాళ్లు, పిత్తాశయంలో రాళ్లతో నొప్పి పడుతున్నవాళ్లు, ప్యాంక్రియాస్ వాపు ఉన్నవాళ్లు తమ డాక్టరుని అడిగాకే తాగాలి. షుగరు ఉన్నవాళ్లకి గంజి త్వరగా షుగరు పెంచుతుంది కాబట్టి గంజి పలచగా, కొద్దిగా వాడి, మీటరుతో చూసుకుంటూ ఉండాలి.

ఒక మనిషికి కావలసినవి

పాత బియ్యం 2 టేబుల్ స్పూన్లు, నీళ్లు 3 గ్లాసులు అంటే 750 మిల్లీలీటర్లు, కోడిగుడ్డు 1, వేలి గోరంత అల్లం ముక్క, జీలకర్ర పావు టీస్పూను, ఉప్పు పావు టీస్పూను, పసుపు చిటికెడులో సగం, నెయ్యి పావు టీస్పూను. సొరకాయ లేతది దొరికితే చెక్కూ గింజలూ తీసిన ముక్కలు నాలుగు.

బియ్యం గురించి కాస్త చెప్పాలి. నెల్లు అంటే వరి, ఆ మాట మీదే నెల్లూరుకి పేరొచ్చిందని చెప్పుకుంటారు. ఇక్కడి పాతతరం మొలగొలుకులు అనే రకం బియ్యంతో వండిన అన్నం రుచి గురించి ఇప్పటికీ కథలుగా చెబుతుంది. ఈ సూపుకి మాత్రం ఏ రకమైనా పర్వాలేదు. పాతబడి ఉంటే చాలు. కొత్త బియ్యం గంజి జిగురుగా వచ్చి మందం చేస్తుందని మన పెద్దవాళ్లు జబ్బుపడ్డవాళ్లకి పెట్టేవాళ్లు కాదు. పాత బియ్యం లేకపోతే కొత్త బియ్యాన్నే పొడి మూకుడులో సన్న సెగ మీద రంగు మారకుండా మూడు నిమిషాలు వేయించి వాడండి. జిగురు తగ్గుతుంది.

నీళ్ల గురించి ఇంకా గట్టిగా చెప్పాలి. కనిగిరి, పొదిలి వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడు సమస్య ఉన్న సంగతి అందరికీ తెలుసు. కాచితే ఫ్లోరైడు పోదు. నీళ్లు ఆవిరైన కొద్దీ మిగిలిన నీళ్లలో అది ఇంకా చిక్కబడుతుంది. గంజి అరగంటకు పైగా మరుగుతుంది కాబట్టి ఆ ప్రాంతంవాళ్లు శుద్ధి చేసిన నీళ్లతోనే కాచుకోవాలి. మా వైపు వాళ్లకి భయం వేరే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో బావుల్లోకి మురికి దిగుతుంది. ఆ క్రిములు మరిగిస్తే చస్తాయి గానీ, చివర్లో పలచన చేయడానికి పోసే నీళ్లు కూడా మరిగినవే అయి ఉండాలని గుర్తుంచుకోండి. మా నాయన విషయంలో మేం ఒకసారి అదే మర్చిపోయాం.

సొరకాయ వేసేముందు చిన్న ముక్క నాలుక చివర పెట్టి చూడండి. చేదుగా ఉంటే కాయ మొత్తం పారేయండి. చేదు సొరకాయలో ఉండే పదార్థం వాంతులూ రక్తవిరేచనాలూ తెప్పించేంత ప్రమాదకరమైనది, ఉడికించినా పోదు.

గంజి

బియ్యం రెండుసార్లు కడిగి అరగంట నానబెట్టండి. మందపాటి గిన్నెలో మూడు గ్లాసుల నీళ్లు మరిగించి, బియ్యం, సొరకాయ ముక్కలు, చితక్కొట్టిన అల్లం వేయండి. అల్లాన్ని ముక్కలుగా తరగొద్దు, ఒక్క దెబ్బ వేసి అలాగే వేస్తే తరవాత తీసేయడం తేలిక. ఒక పొంగు రాగానే సెగ తగ్గించి, మూత ఓరగా పెట్టి, 35 నుంచి 40 నిమిషాలు సన్నగా ఉడకనివ్వండి. మధ్యమధ్య అడుగంటకుండా కలుపుతుండాలి. అడుగంటిన వాసన ఒకసారి పట్టిందంటే ఆ గంజిని ఎవరూ తాగలేరు.

గింజ వేళ్ల మధ్య పెట్టి నలిపితే పలుకు తగలకుండా వెన్నలా అయిపోవాలి. అప్పుడు అల్లం ముక్క తీసేసి పప్పుగుత్తితో మెత్తగా మెదపండి. తరవాత సన్న జల్లెడలో పోసి గరిటె వెనకవైపుతో కొంచెం నొక్కుతూ వడగట్టండి. బాగా నొక్కితే చిక్కగా, వదిలేస్తే పలచగా వస్తుంది. దాదాపు ఒకటిన్నర గ్లాసు రావాలి. చిక్కదనం తెలుసుకోవడానికి నేను చూసే గుర్తు ఇది: గరిటెను గంజిలో ముంచి తీసి, వెనకవైపు వేలితో ఒక గీత గీయండి. గీత ఒక్క క్షణం నిలిచి మెల్లగా పూడిపోతే సరైన గంజి. గీత అసలు నిలవకపోతే ఇంకో ఐదు నిమిషాలు మరిగించండి. అలాగే ఉండిపోతే మరిగిన నీళ్లు కొంచెం పోయండి.

తీరిక లేనివాళ్లు కుక్కరులో ఇదే కొలతతో మధ్యస్థం సెగ మీద ఆరు విజిల్స్ రానిచ్చి, ఆవిరి దానంతట అది దిగాక మెదుపుకోవచ్చు. గంజి పొంగి విజిల్ దగ్గర చిమ్ముతుంది కాబట్టి చిన్న కుక్కరు వాడొద్దు. అన్నం వార్చే అలవాటు ఉన్న ఇళ్లలో ఆ గంజే తీసుకోవచ్చు. అది పలచగా ఉంటుంది కనుక ఒక చెంచా మెత్తటి అన్నం మెదిపి కలిపితే సరిపోతుంది. కుక్కర్లు వచ్చాక వార్చడమే పోయింది, అందుకే మన పిల్లలకి గంజి రుచే తెలియకుండా పోతోంది. నాకు ఆ బాధ ఉంది.

గుడ్డు

గుడ్డు తాజాదేనా అని నీళ్ల గ్లాసులో వేసి చూడటం అందరికీ తెలుసు. అడుగున పడుకుంటే తాజాది, నిలబడితే పాతది, తేలితే పారేయాలి. ఈ పరీక్ష గుడ్డు వయసు చెబుతుందే తప్ప క్రిములున్నాయో లేదో చెప్పదు. చిట్లిన గుడ్డు ఎంత తాజాదైనా జబ్బుపడ్డవాళ్లకి వద్దు. మే నెలలో దుకాణం బయట ఎండలో పెట్టిన అట్టల్లోంచి కొనకండి. నాటుకోడి గుడ్డా, ఫారం గుడ్డా అని అడుగుతుంటారు. అరగడంలో నాకు తేడా కనిపించలేదు. నాటుగుడ్డు చిన్నది కాబట్టి గంజి కాస్త తగ్గించుకోండి, అంతే.

గుడ్డు పైన కడిగి, తుడిచి, వేరే చిన్న గిన్నెలో కొట్టండి. ఒక టేబుల్ స్పూను చల్లటి నీళ్లు పోసి ఫోర్కుతో అటూ ఇటూ కలపండి. నురగ రానివ్వొద్దు. నురగ వస్తే సూపులో అది పైకి తేలి, స్పాంజిలా బిగుసుకుంటుంది. తెల్లసొన, పచ్చసొన కలిసి ఒకే రంగుకొచ్చాక టీ జాలీలో వడగట్టండి. సొనను పట్టి ఉంచే తెల్లటి తాడులాంటి పోగులు జాలీలో నిలిచిపోతాయి. నోట్లో తగిలి మనిషిని వెగటు పుట్టించేవి చాలావరకు అవే. రెండోరోజు నీసు కొట్టిందన్నానే, ఆ రోజు నేను వడగట్టలేదు, పైగా చాలాసేపు మరిగించాను. ఎక్కువసేపు మరిగిన తెల్లసొనలోంచి గంధకం వాసన వస్తుంది, ఉడకబెట్టిన గుడ్డులో పచ్చసొన చుట్టూ ఆకుపచ్చ వలయం పడేదీ దానివల్లే.

గుడ్డు తాకిన చేతులు, గిన్నె, జాలీ సబ్బుతో కడిగాకే మిగతా పని.

రెండూ కలపడం

ఇదే అసలు పని, రెండు నిమిషాలే పడుతుంది. ఆ రెండు నిమిషాలు పక్కకి వెళ్లకండి, ఫోను ఎత్తకండి.

వడగట్టిన గంజిలోంచి ఒకటింబావు గ్లాసు, అంటే దాదాపు 300 మిల్లీలీటర్లు, గిన్నెలో పోసి ఉప్పు, పసుపు వేసి వేడి చేయండి. మిగిలినది పలచన చేసుకోవడానికి పక్కన ఉంచండి. జీలకర్రను మూకుడులో నూనె లేకుండా కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి నలిపిన పొడి ఇప్పుడే వేయండి. తాలింపు వద్దు. ఎండుమిర్చి, ఆవాలు, కరివేపాకు చిటపటలాడకపోతే వంటే కాదనిపించే ఇళ్లు మనవి. నాకూ చెయ్యి ఆగేది కాదు. కానీ మాడిన ఎండుమిర్చి ఘాటు, వేడి నూనె ఈ దశలో కడుపు భరించలేదు.

ఇక్కడి నుంచి రెండు దారులున్నాయి.

కడుపు బాగా సున్నితంగా ఉన్నవాళ్లకి పాలలా కలిసిపోయే పద్ధతి మంచిది. గంజి మరగబోయే ముందు, అంచుల్లో చిన్న బుడగలు మొదలవగానే సెగ తగ్గించండి. ఒక గరిటె వేడి గంజి తీసి, గుడ్డు గిన్నెలో చుక్కచుక్కగా పోస్తూ ఆపకుండా కలపండి. ఇలా రెండు మూడు గరిటెలు పోస్తే గుడ్డు మెల్లగా వేడెక్కి, ఒక్కసారిగా గడ్డకట్టదు. ఇప్పుడు ఆ మిశ్రమాన్ని సన్నటి ధారగా పెద్ద గిన్నెలోకి పోస్తూ ఇంకో చేత్తో కలుపుతూ ఉండండి. లేత పసుపు రంగులో, పల్చటి పాయసంలా వస్తుంది. కలుపుతూనే అంచుల్లో బుడగలు మళ్లీ కనిపించేదాకా ఉంచి, ఆ తరవాత ఒక నిమిషం పాటు సన్న సెగ మీద ఉంచాలి. గుడ్డు కలిసిన వంట లోపలిదాకా 71 డిగ్రీలు దాటితేనే క్రిముల భయం ఉండదు. పిండిపదార్థం తోడుంది కాబట్టి ఆ వేడికి ఈ సూపు విరగదు. ఉత్త నీళ్లలోనో పాలలోనో ఇలా చేస్తే విరుగుతుంది.

కాస్త కోలుకున్నవాళ్లకి తీగల పద్ధతి. గంజి సన్నగా మరుగుతుండగా గరిటెతో ఒకే వైపు నెమ్మదిగా తిప్పి సుడి తెప్పించండి. చిల్లుల గరిటెను గిన్నెకి జానెడు ఎత్తున పట్టుకుని, గుడ్డును దాని మీదుగా సన్నగా జారవిడవండి. పోయడం అయిపోయాక కలపొద్దు. ఇరవై లెక్కపెట్టండి. అప్పుడు ఒక్కసారి మెల్లగా తిప్పితే తీగలు పట్టుదారాల్లా విడివడతాయి. ముందే కలిపితే తీగలు తెగి రవ్వలా అవుతుంది. ఎక్కడా పారదర్శకంగా పచ్చిసొన కనిపించకుండా ఇంకో నిమిషం ఉంచి దించేయండి.

దించాక నెయ్యి పావు టీస్పూను. ఆయాసంగా, వికారంగా ఉన్నవాళ్లకి అదీ వద్దు.

తేడా వస్తే

పాలలా కలిసిపోయే పద్ధతిలో సూపు పలుకులు పలుకులుగా విరిగినా కంగారుపడకండి, అది చెడిపోలేదు. వేడిగా ఉండగానే సన్న జల్లెడలో నొక్కుతూ వడగడితే నున్నగా వస్తుంది. తీగలు రాకుండా సూపంతా మబ్బుగా అయిపోయిందంటే గంజి సరిపడా వేడెక్కకముందే గుడ్డు పోశారన్నమాట. దాన్ని ఇంకో రెండు నిమిషాలు సన్న సెగ మీద ఉంచితే తాగడానికి బాగానే ఉంటుంది. రబ్బరు ముక్కలు వచ్చాయంటే గంజి పలచగా ఉంది, సెగ ఎక్కువైంది. ఆ ముక్కలు ఇంట్లో బాగున్నవాళ్లు తినేయండి, జబ్బుపడ్డ మనిషికి పెట్టొద్దు.

పెట్టే తీరు

మేం పాటించిన వరస చెబుతాను. మొదటిరోజు ఉప్పు వేసిన పలచటి గంజి మాత్రమే, రెండు గంటలకోసారి చిన్న గిన్నెడు. అది నిలిచాక రెండోరోజు సగం గ్లాసు గంజిలో ఒక తెల్లసొన. కొవ్వంతా పచ్చసొనలోనే ఉంటుంది, కొవ్వు పొట్టలో ఎక్కువసేపు నిలుస్తుంది, అందుకని పచ్చసొన ఆపాం. మూడోరోజు మొత్తం గుడ్డుతో చేసి సగం పెట్టి, మిగతా సగం నేను తాగాను. నాలుగోరోజు నుంచి పూర్తిగా ఒక గుడ్డు సూపు. ఎక్కడైనా ఉబ్బరం, మెలిపెట్టే నొప్పి వస్తే ఒక మెట్టు వెనక్కి వెళ్లి, ఒకరోజు ఆగి, మళ్లీ మొదలుపెట్టాం. మీ మనిషికి ఒక్కో మెట్టు రెండు రోజులు పట్టినా తొందరపెట్టకండి.

సూపు పొగలు కక్కుతూ ఉండొద్దు, గోరువెచ్చగా ఉండాలి. కూర్చోబెట్టి, చిన్న చెంచాతో, గుటకకీ గుటకకీ మధ్య ఊపిరి తీసుకునేంత ఎడం ఇచ్చి తాగించండి. గడగడా తాగితే గాలి కూడా లోపలికి పోయి ఉబ్బరం వస్తుంది. మా ఇంట్లో ఉదయగిరిలో కొన్న చెక్క చెంచా ఉంది. స్టీలు చెంచాలా పెదవికి చుర్రుమనదు, పళ్లకి టక్కున తగలదు. మా అవ్వకి కూడా ఆ చెంచాతోనే పట్టేదాన్ని. వాడిన వెంటనే కడిగి ఎండబెట్టాలి, తడిగా ఉంచితే చెక్కకి బూజు పడుతుంది. తాగాక వెంటనే పడుకోనివ్వొద్దు. పుల్లటి తేన్పులు ఉన్నవాళ్లయితే రెండు గంటలైనా నడుము వాల్చకుండా ఉండాలి.

పిల్లల సంగతి: ఆరు నెలలు దాటి అన్నం మొదలుపెట్టిన బిడ్డకి బాగా ఉడికిన గుడ్డు పెట్టవచ్చు. ఏడాది లోపు పిల్లల సూపులో ఉప్పు వేయకండి.

నోటికి రుచి కావాలన్నప్పుడు

ఐదోరోజు మా నాయన గిన్నె చూసి, "ఏందిమా ఇది, చప్పగా ఉండాది. కొంచెం పులుపు తగిలించు" అన్నాడు. నాకు ఆ మాట వినగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. రుచి అడిగాడంటే ఆకలి తిరిగొచ్చినట్టే కదా.

పులుపు చింతపండుతో కాకుండా నిమ్మకాయతో మొదలుపెట్టండి. పొదలకూరు వైపు నిమ్మతోటలున్న జిల్లాలో మంచి నిమ్మకాయకి కరువేముంది. సూపు దించి, గోరువెచ్చగా అయ్యాక నాలుగైదు చుక్కలు పిండండి. పొయ్యి మీద ఉండగా పిండితే పులుపుకి గుడ్డు విరిగిపోతుంది. గుండెల్లో మంట ఉన్నవాళ్లకి ఇది కూడా వద్దు.

వెల్లుల్లి వాసన లేకుండా తినలేనివాళ్లకి ఒక ఉపాయం ఉంది. ఉల్లి, వెల్లుల్లి కడుపు ఉబ్బరం తెప్పించడానికి కారణం వాటిలో ఉండే ఫ్రక్టాన్లు అనే, మన పేగులు అరిగించలేని ఒకరకం చక్కెర పదార్థాలు. అవి నీళ్లలో కరుగుతాయి, నెయ్యిలో కరగవు. అందుకని పావు చెంచా నెయ్యిలో ఒక వెల్లుల్లి రెబ్బ సన్న సెగ మీద వేడిచేసి, రెబ్బ తీసేసి, ఆ నెయ్యి మాత్రమే సూపులో వేయండి. వాసన వస్తుంది, ఉబ్బరం రాదు. రెబ్బను నేరుగా సూపులో ఉడికిస్తే ఈ లాభం పోతుంది. ఇంగువ చిటికెడు కూడా మంచిదే. మనకి దొరికే డబ్బా ఇంగువలో చాలావాటిలో మైదా కలుస్తుంది కాబట్టి గోధుమ పడనివాళ్లు డబ్బా మీద రాసింది చదవండి. మిరియాలు వారం దాటాక, రెండు గింజలు పొడిచేసి. ప్యాకెట్టు సూపుల పొడి మాత్రం ఇందులో కలపకండి. వాటిలో ఉప్పు ఎక్కువ, ఉల్లి వెల్లుల్లి పొడులు కూడా ఉంటాయి.

మిగిలితే

మిగలకుండా చేసుకోవడమే మంచిది. గుడ్డు కలిపిన సూపు బయట రెండు గంటలకు మించి ఉండకూడదు, ఒంగోలు, నెల్లూరు ఎండాకాలంలో అయితే గంట. మళ్లీ వేడి చేస్తే తీగలు గట్టిపడతాయి. గంజిని మాత్రం పొద్దున్నే కాచి, చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు. ఆ రోజంతా కావలసినప్పుడల్లా కొంచెం తీసి మరిగించి, అప్పటికప్పుడు గుడ్డు కలపండి. కరెంటు గంటలకొద్దీ పోయిన రోజు ఫ్రిజ్‌ని నమ్మకుండా తాజాగా కాచుకోండి.

సూపు నుంచి అన్నానికి

సూపు తాగి రెండు మూడు గంటలకి మళ్లీ ఆకలి వేస్తూ, విరేచనం మామూలుగా అవుతూ రెండు రోజులు గడిస్తే వడగట్టడం ఆపేయండి. అంటే మెదిపిన గంజన్నంలోనే గుడ్డు తీగలు పోయడం. ఆ తరవాత మెత్తటి అన్నంలో పెసరకట్టు, ఇడ్లీ, బీరకాయ కూర. మజ్జిగ రెండు చెంచాలతో మొదలుపెట్టి, పడుతోందా లేదా చూసుకుంటూ పెంచండి. గ్లాసుడు పాలు అన్నిటికన్నా ఆలస్యంగా. కారం, వేపుళ్లు, గోంగూర ఇంకా తరవాత.

మా నాయన మంచం మీద ఉండగా రోజూ అడిగింది చేపల పులుసు. నాలుగో వారం చివర్లో మా అమ్మ కొరమీను వండింది. కారం సగానికి తగ్గించి, మామిడికాయ బదులు కొంచెం చింతపండు వేసింది. ఒక ముక్క పులుసు విదిలించి, మెత్తటి అన్నంతో పెట్టాం. రాత్రి పది దాకా అందరం ఆయన ముఖం వైపే చూస్తూ కూర్చున్నాం. ఏమీ కాలేదు. మర్నాడు పొద్దున లేచి, మొదటి మాటగా, ఆ పులుసు ఇంకా మిగిలుందా అని అడిగాడు.